లైటు ఆర్పి లారీ అమ్మితే...

*బీఎస్-6 లారీలు సెకండ్ హ్యాండ్ బేరాల్లోకి దిగాయి. టైర్లు తట్టి, ఛాసిస్ చూసి రేటు కట్టే రోజులు పోయాయి. మీటర్ బోర్డు మీద వెలిగే ఒక్క పసుపు లైటు ఇప్పుడు బేరాన్ని నిలబెడుతోంది, లేదంటే చెడగొడుతోంది. ఆ లైటును బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మాలా, ఆర్పేసి అమ్మాలా?*

వేములపల్లి దాటాక మిర్యాలగూడ వైపు, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో పన్నెండు టైర్ల లారీ ఆగి ఉంది. కోదాడ నుంచి వచ్చిన ఆసామి టైర్లు ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. కింద దూరి కమాన్ పట్టీలు చూశాడు. ఆయిల్ స్టిక్ లాగి రెండు వేళ్ల మధ్య రాసి చూసి తలూపాడు. రేటు దాదాపు కుదిరింది. బ్రోకర్ అప్పుడే బయానా మాట ఎత్తాడు. చివరగా ఆసామి క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాడు. బండి స్టార్టయింది. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు మాత్రం ఆరలేదు.

"అన్నా, ఈ లైటేంది?"

"యూరియా సెన్సార్‌ది తమ్మీ. దాంతోని బండికేం గాదు. తెలిసిన పిలగాడున్నడు, రెండు గంటల్ల ఆర్పేస్తడు."

"ఆర్పుతడా, బాగుచేస్తడా?"

బ్రోకర్ నవ్వి మాట మార్చాడు. పాత లారీల బేరం తెలిసినవాళ్లకు ఇలాంటి సీను ఇప్పుడు కొత్త కాదు. కోదాడ ఆసామి అడిగిన ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దాని మీద లక్షల రూపాయలు, కొన్ని చట్టాలు, రోడ్డు పక్కన బతికేవాళ్ల ఊపిరితిత్తులు ఆధారపడి ఉన్నాయి.

కిస్తీలు తీరాయి, బళ్లు అమ్మకానికొచ్చాయి

మిర్యాలగూడ మిల్లుల బియ్యం, వాడపల్లి, మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి. ఈ ప్రాంతంలో లారీ మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లలో పెద్ద పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలే కాదు, ఒక్క బండి కొని తానే స్టీరింగ్ పట్టుకునే ఓనర్లూ ఉన్నారు. నాలుగైదేళ్లు కిస్తీలు కట్టి, ఫైనాన్స్ క్లియరయ్యాక పాత బండి అమ్మి, ఆ డబ్బు డౌన్ పేమెంట్‌గా కట్టి కొత్తది తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలు.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత కొన్న తొలి విడత లారీల కిస్తీలు తీరిపోయి, అవిప్పుడు చేతులు మారుతున్నాయి. వీటికి గిరాకీ కూడా ఉంది. ఢిల్లీలోకి బయటి రాష్ట్రాల సరకు లారీలు రావాలంటే బీఎస్-6 అయి ఉండాలన్న ఆంక్ష 2025 నవంబర్ 1న మొదలైంది. బీఎస్-4కు ఇచ్చిన వెసులుబాటు 2026 అక్టోబర్ 31 దాకానే. ఆర్సీలో 'భారత్ స్టేజ్-6' అని ఉంటే ధర పలుకుతుంది. ఆ ధర ఇంజిన్‌కు ఎంతో, పొగగొట్టంలో ఉన్న సరంజామాకూ అంతే.

డీజిల్ మండే వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మెకానిక్‌ల మాటల్లో అది నాక్స్. దాన్ని విరగ్గొట్టడానికి సైలెన్సర్‌లోకి యూరియా ద్రావణం చిమ్ముతారు. కంపెనీలు దాన్ని డీఈఎఫ్ అంటాయి, డబ్బా మీద యాడ్‌బ్లూ అని ఉంటుంది, డ్రైవర్లకు మాత్రం అది యూరియానే. వేడికి అది అమ్మోనియాగా మారి, ఎస్‌సీఆర్ అనే క్యాటలిస్టు దగ్గర నాక్స్‌ను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. మసిని పట్టే పని డీపీఎఫ్ ఫిల్టర్‌ది. ఇదంతా సరిగా జరుగుతోందా లేదా అని కాపలా కాసేది నాక్స్ సెన్సార్. పెద్ద డీజిల్ ఇంజిన్లు ఒక్కో యూనిట్ శక్తికి 3.5 గ్రాముల దాకా నాక్స్ వదలొచ్చని బీఎస్-4 ఒప్పుకుంది. బీఎస్-6 దాన్ని 0.46 గ్రాములకు దించింది. ఈ తేడా మొత్తం ఆ సైలెన్సర్, ఆ సెన్సార్, ఆ యూరియా డబ్బా మీదే నడుస్తోంది.

> బీఎస్ మెట్లు
> - 2017 మార్చి 29: ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్లు అమ్మకూడదని, రిజిస్టర్ చేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు. అప్పటికి కంపెనీల దగ్గర 8 లక్షలకు పైగా బళ్లు మిగిలాయి.
> - 2018 అక్టోబర్ 24: 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 అమ్మకాలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు.
> - 2020 ఏప్రిల్ 1: బీఎస్-6 అమలు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది.
> - 2023 ఏప్రిల్ 1: బీఎస్-6 రెండో దశ. బండిలోని సొంత పరీక్షా వ్యవస్థకు ఇంకా కఠిన నిబంధనలు.

మిల్లు ముందు లైను, సైలెన్సర్‌లో జాము

'సెన్సార్ పోయింది' అనే మాట వెనుక చాలాసార్లు వేరే కారణం ఉంటుంది. కోతల సీజన్లో మిర్యాలగూడ, శెట్టిపాలెం మిల్లుల దారుల్లో ధాన్యం బళ్లు గంటల కొద్దీ లైన్లో నిలబడతాయి. ఇంజిన్ ఆపకుండా పది అడుగులు కదిలి మళ్లీ ఆగడమే పని. యూరియా సరిగా పనిచేయాలంటే పొగ సుమారు 200 డిగ్రీలైనా వేడెక్కాలి. డీపీఎఫ్‌లో పేరుకున్న మసి కాలిపోవాలంటే 550 డిగ్రీలకు పైన కావాలి. లైన్లో గురకపెట్టే ఇంజిన్‌కు ఆ వేడి ఎక్కడిది? ఫిల్టర్‌లో మసి నిండుతుంది. నాజిల్ చుట్టూ యూరియా తెల్లటి ఉప్పులా గడ్డకడుతుంది. పికప్ పోతుంది. హైవే మీద లోడుతో సాగే బండికంటే, మిల్లుకూ గోదాముకూ మధ్య తిరిగే బండికి ఈ జబ్బు ముందుగా వస్తుంది.

రెండో కారణం ఎండ. యూరియా ద్రావణాన్ని 30 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే ఏడాది నిలుస్తుంది. 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే. మే నెలలో క్యాబిన్ మీద కట్టిన డబ్బాకు ఏ గతి పడుతుందో నల్లగొండ ఎండలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, అన్నిటికంటే ఖరీదైనది, కక్కుర్తి. అసలు ద్రావణంలో 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అందులో కాల్షియం కిలోకు అర మిల్లీగ్రాము మించకూడదు. పొలం యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది? ఫ్లోరైడ్ నీళ్లతో దేశానికి పరిచయమైన జిల్లా ఇది. ఇక్కడి బోరు నీటిలో కాల్షియం అంతకు వంద రెట్లున్నా ఆశ్చర్యం లేదు. పైగా 2015 నుంచి దేశంలో పొలానికి అమ్మే యూరియా అంతా వేపనూనె పూత పూసిందే. ఆ నూనె, ఆ లవణాలు క్యాటలిస్టు మీద పొరలా పేరుకుంటాయి. డబ్బాకు మిగిలేది వందల్లో ఉంటే, తర్వాత బాగుచేయడానికి అయ్యేది లక్షల్లో ఉంటుంది.

అది నేరం కూడా. 45 కిలోల సబ్సిడీ బస్తా 266 రూపాయల 50 పైసలకు రైతు కోసం వచ్చేది. దాన్ని వేరే పనికి మళ్లిస్తే నిత్యావసర సరకుల చట్టం కింద కేసు పెట్టొచ్చు. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి కాపలా కాశారు. ఆ బస్తా లారీ ట్యాంకులోకి వెళ్లిందంటే రెండు ఇళ్లకు నష్టం.

ఆర్పే 'వైద్యం'

బీఎస్-6 బండి ఊరుకోదు. తప్పును పట్టించుకోకపోతే ముందు లైటు, తర్వాత ఇంజిన్ బలంలో కోత, చివరికి గంటకు 20 కిలోమీటర్లు దాటి కదలనివ్వని స్థితి. సగం దారిలో లోడుతో ఇలా చిక్కుకున్న ఓనర్ బాధ చిన్నది కాదు. కిరాయి పోతుంది, మిల్లు నుంచి ఫోన్లు, డ్రైవర్ బత్తా, కిస్తీ తేదీ. కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్త నాక్స్ సెన్సార్ ధర వేలల్లో ఉంటుంది. నాజిల్, పంపు, క్యాటలిస్టు దాకా పోతే అంకె చూసి కళ్లు తిరుగుతాయి. ఆ సమయంలో "యూరియా లేకుండా నడిచేట్టు చేస్త" అని ఎవరైనా అంటే చెవినెక్కుతుంది.

వాళ్లు చేసేది ఒక్కటే. ఇంజిన్ కంప్యూటర్‌కు అబద్ధం చెప్పించడం. చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా తగిలించో, సాఫ్ట్‌వేర్ మార్చో, అంతా బాగానే ఉందన్న సంకేతం పంపిస్తారు. లైటు ఆరుతుంది, పికప్ వస్తుంది, యూరియా ఖర్చు మిగులుతుంది. పొగగొట్టంలో మాత్రం బీఎస్-6 ఉండదు.

ఇది ఎందుకు దొరకట్లేదన్న ప్రశ్న వస్తుంది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ చిక్కదనం మాత్రమే. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే పొగలోంచి వెలుతురు ఎంత దాటుతుందో కొలుస్తారు. నాక్స్ కంటికి కనిపించదు, ఆ మెషీన్‌కూ కనిపించదు. కాబట్టి యూరియా ఆపేసిన లారీ కూడా సర్టిఫికెట్‌తో దర్జాగా బయటికి రావచ్చు. 'పొల్యూషన్ ఉంది కదా' అని అమ్మేవాడు చూపించే కాగితానికి ఈ విషయంలో విలువ చాలా తక్కువ.

చట్టం మాత్రం కళ్లు మూసుకోలేదు. కంపెనీ ఇచ్చిన రూపం మారేలా బండిలో మార్పులు చేయొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. చేసిన ఓనర్‌కు 182ఏ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని నడిపినా, నడవనిచ్చినా 190(2) కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ; దాంతో పాటు మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత.

తాడిపత్రి లారీలు

కాగితం మీద ఒకటి, బండిలో ఇంకొకటి ఉంటే కథ ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లు ఇదివరకే చూశారు. 2017లో సుప్రీంకోర్టు బీఎస్-3 అమ్మకాలు ఆపేశాక మిగిలిన అశోక్ లేలాండ్ బళ్లలో 154 లారీలను తుక్కు కింద కొని, బీఎస్-4గా చూపించి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చారన్నది కేసు. జటాధర ఇండస్ట్రీస్, సి.గోపాల్‌రెడ్డి అండ్ కంపెనీల పేర్లు అందులో వచ్చాయి. తాడిపత్రి మాజీ ఎమ్మెల్యే జేసీ ప్రభాకర్‌రెడ్డిని, ఆయన కొడుకు అస్మిత్‌రెడ్డిని 2020 జూన్ 13న అరెస్టు చేశారు. 2022 నవంబర్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 22.10 కోట్ల రూపాయల ఆస్తులు జప్తు చేసింది. ప్రభాకర్‌రెడ్డి ఆ ఆరోపణలను తోసిపుచ్చారు.

రాజకీయం పక్కనపెడితే, లారీ ఓనర్లు పట్టుకోవాల్సిన విషయం వేరే ఉంది. రికార్డులో ఎన్ని చేతులు మారినా ఛాసిస్ నంబరు మారదు. అది ఏ సంవత్సరం, ఏ ప్రమాణంతో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిందో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ కథా అంతే. దానిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో కంపెనీకి తెలుసు. ఇవాళ బయటపడని మార్పు, రేపు సర్వీస్ సెంటర్లో ల్యాప్‌టాప్ తగిలించగానే బయటపడుతుంది.

ఇది మన దగ్గరి చిల్లర మెకానిక్‌ల పనే అనుకోనక్కర్లేదు. మన లారీ మెకానిక్‌లకు బాగా తెలిసిన పేరు కమ్మిన్స్. అమెరికాలో ర్యామ్ పికప్ ట్రక్కుల ఇంజిన్లలో ఇలాంటి మోసపు సాఫ్ట్‌వేర్ పెట్టిందన్న ఆరోపణ మీద ఆ కంపెనీ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2024 జనవరిలో ఆ ఒప్పందం వివరాలు బయటికొచ్చాయి.

గుర్రం బేరం చెప్పిన న్యాయం

"నేనేం అబద్ధం చెప్పలే, ఆయన అడగలే, నేను చెప్పలే." లారీ అమ్మినవాళ్ల నోట తరచూ వచ్చే మాట ఇది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ దీని గురించే మాట్లాడుతుంది, అదీ గుర్రం బేరంతో. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్మినవాడు నోరు విప్పకపోతే, అంతమాత్రాన మోసం కాదంటుంది. ఇక్కడిదాకా విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ అదే సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కుతుంది. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అని కొనేవాడు అంటే, అప్పుడు అమ్మేవాడి మౌనం మాట కిందే లెక్క. కొనేది అమ్మేవాడి సొంత కూతురే అయితే, ఆ చుట్టరికం వల్లే జబ్బు సంగతి చెప్పాల్సిన బాధ్యత అతనిదేనని మరో ఉదాహరణ.

మన దగ్గర లారీ బేరాలు బావ, బామ్మర్ది, మన ఊరోడు, అసోసియేషన్ మనిషి అన్న నమ్మకం మీదే సాగుతాయి. నమ్మకం ఎంత దగ్గరిదైతే చెప్పాల్సిన బాధ్యతా అంత దగ్గరికి వస్తుంది. ఇక లైటు ఆర్పించడం మౌనం కాదు, చేతులారా దాచడం. తెలిసిన లోపాన్ని చేతలతో దాస్తే అది 17వ సెక్షన్ కింద మోసమే. 19వ సెక్షన్ కింద బేరం రద్దు చేయమని కొన్నవాడు కోర్టుకెక్కొచ్చు. అయితే మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ చూసుకోలేదంటే, ఒట్టి మౌనం మీద మాత్రమే గెలవడం కష్టం. అందుకే అడగాలి, అదీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగాలి.

> కొనేముందు చూడాల్సినవి
> - తాళం తిప్పగానే ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండొచ్చు, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఆపేసి ఉండొచ్చు.
> - యూరియా ట్యాంకు మూత తీయండి. మూత మీద మందంగా దుమ్ము, నెలల తరబడి ఒకే మట్టం ఉన్నాయంటే అనుమానించాలి. మామూలుగా డీజిల్‌లో 3 నుంచి 6 శాతం యూరియా ఖర్చవుతుంది. బిల్లులు అడగండి.
> - స్కానర్‌తో చూస్తే కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలుస్తుంది. అది పదో ఇరవయ్యో ఉంటే, మిమ్మల్ని కలిసేముందే చెరిపారని అర్థం.
> - సైలెన్సర్ మీద కొత్త వెల్డింగ్ గుర్తులు చూడండి. అందులోని కొన్ని క్యాటలిస్టుల్లో ప్లాటినం, పల్లాడియం ఉంటాయి. లోపలిది తీసి తుక్కువాళ్లకు అమ్మి, ఖాళీ డబ్బా బిగించిన బళ్లూ ఉంటాయి.
> - ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ రికార్డు అడగండి.

అమ్మేవాళ్లకు సూటి దారి

మొదట కారణం తెలుసుకోవాలి. లైటు రాగానే సెన్సార్ కొనకుండా, స్కాన్ రిపోర్టు తీయించాలి. వైర్ కొరికేసిన ఎలుక, తుప్పుపట్టిన కనెక్టర్, చెడిపోయిన యూరియా కూడా అదే లైటు వెలిగిస్తాయి. యూరియా గాఢత చూసే చిన్న మీటర్‌తో 32.5 శాతం ఉందో లేదో నిమిషంలో తేలుతుంది. లేకపోతే ట్యాంకు ఖాళీ చేయించి కడిగించి మంచిది పోయిస్తే ఒక్కోసారి అక్కడికే సమస్య తీరిపోతుంది.

సెన్సార్ నిజంగా పోయిందని తేలితే రెండే లెక్కలు. బాగుచేయించి ఆ బిల్లు పెట్టి పూర్తి రేటు అడగడం ఒకటి. సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకుని, కొనేవాడికి చూపించి, అంత తగ్గించుకుని అమ్మడం ఇంకొకటి. రెండో దారిలో డబ్బు తగ్గినట్టే ఉంటుంది. కానీ కారణం తెలియని లైటుకు కొనేవాడు భయంతో ఇంకా ఎక్కువే కోస్తాడు. ఎస్టిమేట్ కాగితం ఆ భయానికి ఒక అంకె పెడుతుంది, బేరం ఆ అంకె దగ్గర ఆగుతుంది.

ఇంతకుముందే ఎవరో ఆర్పించిన బండి మీ చేతికి వచ్చి ఉంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి, తీసేసిన భాగాలు పెట్టించాకే అమ్మాలి. ఆ స్తోమత లేకపోతే ఆ సంగతి అగ్రిమెంట్‌లో రాసి, కొన్నవాడి సంతకం తీసుకుని, రోడ్డు మీదికి కాకుండా నేరుగా వర్క్‌షాప్‌కు పంపాలి. అమ్మకం కాగితంలో ఒక్క వాక్యం చాలు: 'ఫలానా తేదీ స్కాన్ రిపోర్టు ప్రకారం ఈ లోపం ఉంది, కొనుగోలుదారుకు చెప్పడమైనది.'

> పేరు మారేదాకా మీదే బండి
> - ఫారం 29, 30 మీద సంతకాలు. ఫైనాన్స్ ఉంటే ఫారం 35. వేరే జిల్లా, రాష్ట్రానికి పోతే ఫారం 28 ఎన్ఓసీ.
> - అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. పిడుగురాళ్ల, విజయవాడ వాళ్లకు అమ్మితే అది వేరే రాష్ట్రమన్న సంగతి మరవొద్దు.
> - రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత ఓనర్ "అమ్మేశా" అన్నా కుదరదు.

ఈ పొగ ఎవరిది?

నాక్స్ కనపడకపోయినా ఊరకే పోదు. ఎండలో ఓజోన్‌గా, గాలిలో సన్నటి ధూళిగా మారి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. పెద్ద నగరాలకే ఈ బాధ అనుకునేవాళ్లకు అదే జవాబు. ఆ గాలిని ముందుగా పీల్చేది హైవే పక్కన టీ కొట్టు నడిపే మనిషి, టోల్‌గేట్ బూత్‌లో కూర్చున్న అమ్మాయి, లారీ క్యాబిన్‌లో నిద్రపోయే డ్రైవర్.

ఓనర్ల మీదే తప్పు వేసి చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. విడిభాగాల ధరలు కిందికి రావాలి. నాణ్యమైన యూరియా ద్రావణం ప్రతి బంకులో డీజిల్ పక్కనే నమ్మకంగా దొరకాలి. పొల్యూషన్, ఫిట్‌నెస్ (ఎఫ్‌సీ) పరీక్షల్లో పొగ చిక్కదనంతో పాటు ఇంజిన్ కంప్యూటర్‌లోని కోడ్లు చదవడం తప్పనిసరి చేయాలి. అది లేనంతకాలం నిజాయితీగా సెన్సార్ మార్పించిన ఓనర్, ఆర్పించిన ఓనర్‌తో ఒకే రేటుకు పోటీ పడి నష్టపోతాడు.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందోనని ఎదురుచూడక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బేరాల్లో బ్రోకర్ కమీషన్ ఎవరిస్తారన్నది ముందే మాట్లాడుకుంటారు. దాంతో పాటు స్కాన్ రిపోర్టు ఎవరు తెస్తారన్నదీ బయానాకు ముందే తేల్చుకోవాలి. అమ్మేవాడు తెస్తే మంచిది, తేకపోతే కొనేవాడు తీయించి ఆ ఖర్చు రేటులో కోసుకోవాలి. ఆ కాగితం చూపించని లారీకి బయానా ఇవ్వబోమని ఈ మూడు ఊళ్ల ఓనర్లు ఒక్క మాట మీద నిలబడితే, లైటు ఆర్పేవాడి దగ్గరికి పోయే పనే ఎవరికీ ఉండదు.